పరీక్ష ఆయనది, చెయ్యి నాది

నాకు భయం ఎవరూ నేర్పలేదు, దానంతటదే వచ్చింది. కుక్కర్ కూతకు ఉలిక్కిపడేదాన్ని. కాలేజీలో హాజరు పిలుస్తూ నా నంబరు దగ్గరికి వస్తుంటే గుండె దడదడలాడేది. నేను అక్కడే కూర్చుని ఉన్నాను, తప్పేమీ చెయ్యలేదు, అయినా సరే. "గింత పిరికిదానివి ఎట్ల బతుకుతవే" అని మా అమ్మ తల పట్టుకునేది. అలాంటి నన్ను తీసుకెళ్ళి ఒక పెద్దమనిషి ఉద్యోగ పరీక్షకు కూర్చోబెట్టారు. పరీక్ష నాది కాదు. అందుకే అంత భయం. నాదైతే పోతే పోయిందిలే అనుకునేదాన్ని.

మాది పంజాగుట్టలో మెయిన్ రోడ్డు వెనక సందు. ముందు సగం దుకాణం, తెర వెనక సగం ఇల్లు. నాన్న మగ్గాల ఊళ్ళో పుట్టి, మగ్గం వదిలేసి, హైదరాబాదు వచ్చి కుట్టుమిషను పట్టుకున్నాడు. ప్యాంట్లు బాగా కుడతాడని పేరు. అలా ప్యాంటు కుట్టించుకోవడానికే ఆపరేటర్ గారు మా దుకాణానికి వచ్చారు. ఆయన గోదావరి వైపు మనిషి. పుట్టుకతోనే చూపు లేదు. బి.ఏ. చదివి, బేగంపేటలో ఒక కంపెనీలో టెలిఫోన్ ఆపరేటర్‌గా చేసేవారు. ఎర్రమంజిల్‌లో ఒక స్నేహితుడితో కలిసి గదిలో ఉండేవారు.

నడుం కొలత ఇస్తూ ఆయన నాన్నతో అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తు.

"మా ఆఫీసుకి కొత్త ఎక్స్ఛేంజి మిషను వస్తోందండి. ఫోను చేసినవాళ్ళు నంబర్లు వాళ్ళే నొక్కుకుంటారంట. అది వచ్చాక ఇంక నాతో పనేముంటుంది?"

అందుకని ఆయన ప్రభుత్వ ఉద్యోగానికి దరఖాస్తు చేశారు. రాత పరీక్ష. చరిత్ర, రాజ్యాంగం, అర్థశాస్త్రం, భూగోళం, సైన్సు, అన్నీ అందులోనే. ఇన్నాళ్ళూ గదిలో ఉన్న స్నేహితుడు చదివి వినిపించేవాడు. అతను అమీర్‌పేటలో జావా నేర్చుకుని బెంగళూరు ఎగిరిపోయాడు. ఆ రోజుల్లో అందరూ అలాగే పోయేవారు, ఇవాళ కనపడ్డవాడు రేపు కనపడేవాడు కాదు. చదివిపెట్టే మనిషి లేక ఆయన చేతులు కట్టేసినట్టయింది.

"ఫికర్ చెయ్యకు సార్" అన్నాడు నాన్న, చెవి మీద సుద్దముక్క సర్దుకుంటూ. "మా బిడ్డ చదువుతది. ఇంటర్ చేస్తుంది. దానికేం పని?"

తెర వెనక అన్నం తింటున్న నేను ముద్ద కంచంలో వదిలేశాను. నన్ను ఒక్క మాట అడగలేదు చూడండి.

నోట్సు కోసం అమీర్‌పేట వెళ్ళాను. అక్కడ గోడ కనపడేది కాదు, అన్నీ కోర్సుల బోర్డులే. సందులో జిరాక్స్ దుకాణాల ముందు కుర్రాళ్ళు గుంపులు గుంపులుగా నిలబడి ఉండేవారు. ఎవరో మంచి విద్యార్థి చేత్తో రాసుకున్న నోట్సు జిరాక్సు మీద జిరాక్సుగా ఊరంతా తిరిగేది.

"ఏం కావాలె అక్కా? జావానా, ఒరాకిలా?" అన్నాడు దుకాణం అతను.

"కాదన్నా. సర్కారు నౌకరీ పరీక్షకు. అన్ని సబ్జెక్టులవి."

"గవి ఇంకా ఎవరు చదువుతుండ్రు?" అని నవ్వి, పైఅరలోంచి దుమ్ము దులిపి ఒక కట్ట తీసిచ్చాడు.

ఆ కట్ట చూస్తేనే నాకు సగం ప్రాణం పోయింది. రాసినవాడెవరో గానీ మహా పొదుపరి. పూర్తి వాక్యం అనేది ఎక్కడా లేదు. అన్నీ ముక్కలు, బాణాలు, గీతలు. 'ధర' అని రాసి పైకి ఒక బాణం, 'గిరాకీ' అని రాసి కిందికి ఒక బాణం. కళ్ళున్నవాళ్ళకు అది చాలు. చదివి వినిపించాలంటే ఏం చదవను? "ధర బాణం పైకి, గిరాకీ బాణం కిందికి" అని చదివాను మొదటి రోజు. ఆయన ఎంత నవ్వారో. తర్వాత ఆయనకూ అదే అలవాటైపోయింది. "ఏంటమ్మా, ఇవాళ మీ నాన్నగారి కోపం బాణం పైకి ఉన్నట్టుంది" అనేవారు.

రోజూ సాయంత్రం ఆఫీసు అవగానే వచ్చేవారు. దుకాణంలో బట్ట కత్తిరించే బల్లకు ఒక పక్క ఆయన, ఒక పక్క నేను. వెనక మిషన్ల మోత. నేను అరిచినట్టు చదవాలి. నన్ను తినేసే భయం ఒకటుండేది. నేను చదివిందే ఆయనకు సత్యం. ధమనులు గుండె నుంచి రక్తాన్ని బయటికి తీసుకెళ్తాయి, సిరలు గుండెకు తెస్తాయి. ఇది నేను తిప్పి చదివానంటే ఆయన తిప్పే నేర్చుకుంటారు, తిప్పే చెప్తారు. పుస్తకం తెరిచి సరిచూసుకునే దారి ఆయనకు లేదు. జిరాక్సు అలికినట్టున్న చోట నేను ఊహించి చదవకుండా నా ఇంటర్ పుస్తకం తీసి వెతికేదాన్ని, పక్కింటి టీచరమ్మను అడిగేదాన్ని. చదివిన పేజీనే పడుకునే ముందు మళ్ళీ చదువుకునేదాన్ని, ఎక్కడైనా మాట మింగేశానేమోనని. నా పరీక్షలకు నేనెప్పుడూ అంత చదవలేదు.

బొమ్మల దగ్గర ఇద్దరం చతికిలబడ్డాం. గిరాకీ గీత, సరఫరా గీత ఒకదాన్నొకటి కోసుకుంటాయని చెప్తే "ఎటు నుంచి ఎటమ్మా?" అంటారు. నేను గాల్లో చెయ్యి తిప్పుతాను, ఆయనకేం తెలుస్తుంది? రెండు రోజులు ఈ అవస్థ చూసి నాన్న మిషను ఆపి లేచి వచ్చాడు. బొమ్మ వంక కాసేపు చూశాడు.

"గిదేంది, జేబు కోత లెక్కనే ఉంది" అన్నాడు.

కాలర్లలో వేసే గట్టి బుక్రం గుడ్డ ముక్క మీద లావు దారంతో ఆ రెండు గీతలూ కుట్టి ఆయన చేతిలో పెట్టాడు. ఆయన వేళ్ళతో తడుముతూ వెళ్ళి రెండూ కలిసే చోట ఆగారు.

"ఇక్కడేనాండి ధర తేలేది?"

"ఆడనే సార్. తెలుస్తదని ఆడ జర గట్టిగ కుట్టిన."

అప్పటి నుంచి గుండె బొమ్మ, కృష్ణా గోదావరుల దారి, రుతుపవనాలు వచ్చే దిక్కు, అన్నీ బుక్రం మీదికి ఎక్కాయి. ప్యాంట్ల కోసం వచ్చినవాళ్ళు గోడకు వేలాడే గుండెకాయను చూసి బెదిరిపోయేవారు. ఆ రోజులు తలుచుకుంటే నాకు నవ్వూ వస్తుంది, సంతోషంగానూ ఉంటుంది.

ఆ సంతోషం మీద ఒకరోజు ఆయనే నీళ్ళు చల్లారు. చూపు లేనివాళ్ళకు పరీక్ష రాసిపెట్టడానికి ఒక మనిషిని తెచ్చుకోవచ్చట. ఆ మనిషి పరీక్ష రాసేవాళ్ళకన్నా తక్కువ చదివి ఉండాలి. "నీ గొంతు, నీ పద్ధతి నాకు అలవాటమ్మా. నువ్వే రా" అన్నారు. కుదరదని చెప్పాలని నోరు తెరిచేలోపే నాన్న "ఎందుకు రాదు సార్" అనేశాడు. లోపలికి వెళ్తే అమ్మ మెల్లగా అంది, "మంచిగ రాయి బిడ్డా. ఆయన బతుకు నీ చేతుల పెడుతుండు." ధైర్యం చెబుదామనే అంది పాపం. ఆ రాత్రి నుంచి నాకు నిద్ర సరిగా పట్టలేదు.

రాయడం ప్రాక్టీసు మొదలుపెట్టాం. ఆయన ఒక వాక్యం చెప్పాలి, నేను రాయాలి. నా రాత అయ్యిందో లేదో ఆయనకు కనపడదు, మిషన్ల మోతలో వినపడదు. నేను "ఆ" అంటే, "నీ మాట పడేసరికి నా మాట చెదిరిపోతోందమ్మా" అన్నారు. చివరికి ఒక ఏర్పాటు చేసుకున్నాం. వాక్యం అయిపోగానే ఎడమచేతి వేలి కణుపుతో బల్ల మీద టక్కుమని ఒకసారి కొట్టేదాన్ని. ఆయన తర్వాతి వాక్యం అందుకునేవారు. చెప్పడం, రాయడం, టక్కు. అది కుదిరాక మా బండి గడగడా సాగిపోయింది. ఒక్క మాట జారకుండా పేజీలకు పేజీలు రాసేదాన్ని. ఆ చప్పుడు పరీక్ష హాల్లో ఎవరికైనా ఎలా వినిపిస్తుందన్నది మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

పరీక్ష మాసబ్ ట్యాంక్ దగ్గర ఒక బళ్ళో పడింది. ఆయన పెద్దగా చెప్పాలి కాబట్టి మాకు విడిగా ఒక గది ఇచ్చారు. ఒక బల్ల, మేమిద్దరం, ఎదురుగా కుర్చీలో కాపలాకు ఒక సారు. అంతే. మిషన్ల మోత మధ్య బతికిన నాకు ఆ నిశ్శబ్దమే ముందు భయం పుట్టించింది. ప్రశ్నపత్రం చదివి వినిపించాను. ఆయన ముఖం విప్పారింది. నాలుగు ప్రశ్నలూ ఆయనకు వచ్చినవే. ప్రాథమిక హక్కులు, రుతుపవనాలు, రక్త ప్రసరణ, ద్రవ్యోల్బణం.

మొదటి ప్రశ్న బ్రహ్మాండంగా నడిచింది. ఆయన చెప్పారు, నేను రాశాను, టక్కు. రెండో ప్రశ్నలో నైరుతి రుతుపవనాలు కేరళ తీరం దాకా వచ్చాయో లేదో, సారు కుర్చీలోంచి లేచాడు.

"ఏందమ్మా గా చప్పుడు? బల్ల మీద ఏం కొడుతున్నవ్?"

ఆపరేటర్ గారే అన్నారు, "రాయడం అయ్యిందని నాకు తెలియడానికండి."

"అయ్యిందనా, ఆన్సరు తప్పనా? సైగలు నడవయ్ సార్ ఈడ. ఇంకోసారి ఇనవడితే పేపరు గుంజుకుని మాల్‌ప్రాక్టీసు రాస్తా. మీరు చెప్పాలె, ఆమె రాయాలె. నడిమిట్ల ముచ్చట్లు సుత ఉండొద్దు."

మాల్‌ప్రాక్టీసు అనే మాట వినగానే నా ఒంట్లో నెత్తురంతా ఎటో పోయింది. అది పడితే ఆయన ఇంక ఏ పరీక్షా రాయలేరని ఎవరో చెప్పగా విన్నాను. ఎడమచెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుని గట్టిగా పిడికిలి బిగించాను, అలవాటులో మళ్ళీ కొడుతుందేమోనని.

ఆ తర్వాత అంతా తడబాటే. ఆయన అంచనా మీద చెప్తున్నారు. కొన్నిసార్లు తొందరగా అందుకుంటే నాకు మాటలు జారిపోయాయి. మళ్ళీ చెప్పమని అడగలేను, ఖాళీ వదిలి ముందుకు పోయాను. మూడో ప్రశ్నకు వచ్చేసరికి మాత్రం ఎలాగో మళ్ళీ కుదిరింది. నా వాక్యం ముగిసిన వెంటనే ఆయన అందుకుంటున్నారు. ఎలా తెలుస్తోందో నాకు అంతుపట్టలేదు, తెలుసుకునే తీరికా లేదు. ధమనులు, సిరలు సరైన దారిలోనే పోయాయి. కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

అప్పుడే తనిఖీ వాళ్ళు వచ్చారు. ఇద్దరు. మా సారు వాళ్ళ చెవిలో ఏదో ఊదాడు. నా వైపు చూపించి, బల్ల మీద వేలితో కొట్టి మరీ చూపించాడు. అందులో ఒకాయన నేను రాసిపెట్టొచ్చని ఇచ్చిన అనుమతి ఉత్తరం తీసుకుని, దాని మీది ఫొటోను నా ముఖంతో పోల్చి చూశాడు.

"ఏం చదువుతున్నవ్?"

"ఇంటర్" అన్నాను. అన్నాననుకున్నాను, గొంతులోంచి గాలి వచ్చింది.

వాళ్ళు పోలేదు. నా వెనకే నిలబడ్డారు. తడబాట్లలో, తనిఖీలో టైము చాలా పోయింది, నేను చివరి ప్రశ్న చదివాను. ద్రవ్యోల్బణం అంటే ఏమిటో ఆయన చెప్పారు, రాశాను. మొదటి కారణం చెప్పారు, రాశాను. రెండో కారణం కొంచెం పెద్దది, అదీ రాశాను. పెన్ను మొన కాగితం మీద ఉంచి ఎదురు చూశాను.

ఆయన ఏమీ చెప్పలేదు.

మూడో కారణం నాకు వచ్చు. ఆ తర్వాత నివారణ మార్గాలు కూడా వరుసగా వచ్చు. బాణం పైకి, బాణం కిందికి, ఎన్నిసార్లు చదివి వినిపించానో. ఆయన ముఖం చూశాను. తల కొంచెం పక్కకు వంచి, పెదాలు మూసుకుని, కదలకుండా కూర్చున్నారు. మర్చిపోయారు. అయిపోయింది, మర్చిపోయారు. ఒక్క మాట అందిస్తే చాలు, మిగతాదంతా తన్నుకొస్తుంది. 'ఉత్పత్తి' అని ఒక్క మాట. వెనక బూట్లు కిర్రుమన్నాయి. నా చెయ్యి వణకడం మొదలుపెట్టింది. ఆపాలని చూస్తే ఇంకా ఎక్కువైంది. పెన్ను మొన కాగితం మీద గీరుకుంటూ పిచ్చిగీతలు పడుతున్నాయి, ఎత్తాలన్న తెలివి కూడా లేకపోయింది. దేవుడా, ఈయనకు గుర్తు తెప్పించు అని మొక్కుకున్నాను. నాకు ఏడుపు వచ్చేస్తోంది. ఆయన మాత్రం అలాగే తల వంచి కూర్చున్నారు.

ఎంతసేపు అలా గడిచిందో చెప్పలేను. గంట కొట్టారు. సారు వచ్చి కాగితాలు నా చేతి కింద నుంచి లాక్కున్నాడు. ఆపరేటర్ గారు ఉలిక్కిపడి "అయిపోయిందా?" అన్నారు, నమ్మలేనట్టు.

బయటికి వచ్చాం. గేటు దాటగానే ఇంక ఆగలేక అడిగాను.

"యాదికి రాలేదా అన్నా?"

"ఏంటమ్మా?"

"ద్రవ్యోల్బణం. మూడో కారణం."

"రాకపోవడమేంటి? నువ్వు ఇంకా రాస్తున్నావు కదా. పెన్ను చప్పుడు వినపడుతూనే ఉంది. పెద్ద వాక్యం చెప్పాను, ఇంకా అవ్వలేదనుకున్నా. మూడో ప్రశ్నంతా అలా వింటూనే కదమ్మా చెప్పాను? చప్పుడు ఆగితే అందుకోవడం."

"నేను రాయలే అన్నా" అన్నాను. "రెండో కారణం కాడ్నే ఆగిన."

ఆయనకు ఏమీ అర్థం కాలేదు. రోడ్డు దాటాలి, బస్సులు మీదికి వస్తున్నాయి. ఎప్పటిలాగే నా మోచెయ్యి పట్టుకున్నారు. రెండడుగులు వేసి ఆగిపోయారు.

"ఇదేంటమ్మా, చెయ్యి ఇలా వణుకుతోంది?"

రెండో చేత్తో ఆ మణికట్టు గట్టిగా పట్టుకున్నాను.

"లోపల కూడా ఇలాగేనా?"

తల ఊపాను. తల ఊపితే ఆయనకు కనపడదని గుర్తొచ్చి "ఆ" అన్నాను.

ఆయన మోచెయ్యి వదల్లేదు. ఎవరో హారన్ కొట్టి తిట్టి పోయారు. "అయ్యిందా అని ఒక్క మాట అడగాల్సింది" అన్నారు చివరికి. "మాట్లాడితే పేపరు లాక్కుంటానన్నాడు కదా. నోరు రాలేదు." పంజాగుట్ట వచ్చేదాకా బస్సులో ఆయన తనలో తాను ఆ జవాబు మిగతాదంతా గొణుక్కున్నారు. ఒక్క పాయింటు పోలేదు. కిటికీ వైపు తిరిగి ఏడుస్తూ అంతా విన్నాను.

ఫలితాలు పేపర్లో వచ్చాయి. నాన్న నంబరు రాసిన కాగితం పక్కన పెట్టుకుని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి వేలు పెట్టి వెతికాడు. లేదు. తప్పింది ఆ ఒక్క ప్రశ్నతోనా, రుతుపవనాల్లో వదిలేసిన ఖాళీలతోనా, ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత ఆయన దుకాణానికి కొన్నాళ్ళు రాలేదు. వచ్చిన రోజు సాయంత్రం కాదు, పొద్దున పది గంటలప్పుడు వచ్చారు. పనిరోజు, పది గంటలు. బేగంపేటలో ఆయన కుర్చీ పోయిందని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. చంకలో కొత్త జిరాక్సు కట్ట ఉంది. నేను గబుక్కున తెర వెనక్కి పోయి, లేనని చెప్పమని అమ్మకు సైగ చేశాను.

"బిడ్డ బయటికి పోయింది సార్" అంది అమ్మ.

"వస్తే చెప్పండమ్మా. మళ్ళీ పరీక్ష పడింది" అన్నారు. చంకలోని కట్ట చేతిలోకి తీసుకున్నారు. "తన వల్లే పోయిందని బెంగపెట్టుకుందేమో. తను వణుకుతూనైనా పెన్ను వదలకుండా కూర్చుంది. నేను నోరే తెరవలేదు. కొత్తవాళ్ళ పక్కన కూర్చుని రాయించుకోవాలంటే నాకు భయంగా ఉందండి."

నాన్న మిషను ఆగిపోయింది. అంత వయసున్న మనిషి, ఉద్యోగాలు చేసిన మనిషి, నలుగురి ముందు నాకు భయమని అనగా నేను అప్పటిదాకా వినలేదు. భయం నా ఒక్కదాని రోగమనుకుని బతుకుతున్నాను.

తెర తీసి బయటికి వచ్చాను. అమ్మ అబద్ధం బయటపడినందుకు ఎవరూ ఏమీ అనలేదు. బల్ల దగ్గర కూర్చుని, ఆయన చేతిలోంచి కట్ట తీసుకుని మొదటి పేజీ చదవబోతే గొంతు వణికింది. ఆపేశాను.

"వణికితే వణకనీ అమ్మా" అన్నారాయన. "వినపడుతోంది, చదువు."